శ్రీరంగపట్నం పతనం, ఒక పిల్లకి పడిన పేరు: వారాంతపు తెలుగు బడి నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

బెంగళూరు తూర్పు శివారులో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉంది. అక్కడి క్లబ్‌హౌస్ హాల్లో ఆదివారం పొద్దున తెలుగు బడి నడుస్తుంది. నేను చాలా ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఇప్పుడు ఈ బడిలో ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలకి చరిత్రని తెలుగులో చెబుతున్నాను. వాళ్లకి స్కూల్లో ఇంగ్లిష్, రెండో భాష కన్నడమో హిందీయో. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ రాయడం అంతంత మాత్రం. సగం మందికి పైగా కుటుంబాలు అనంతపురం, చిత్తూరు, కడప వైపువి. మిగిలినవాళ్లు హైదరాబాద్, గుంటూరు నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్లు. ఇక్కడ చెప్పే పిల్లల పేర్లు, వయసులు, కొన్ని వివరాలు మార్చాను.

ఆ టర్ములో పాఠం 1799 మే 4న శ్రీరంగపట్నం పతనం. నాలుగో మైసూరు యుద్ధం ఆ రోజుతో ముగిసింది, టిప్పు సుల్తాన్ రాజధానితో పాటే పోయాడు. ఈ పాఠాన్ని ఎంచుకోవడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఊరు దగ్గర, పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. అంతకంటే పెద్ద కారణం, ఇది కన్నడ నేల మీద జరిగిన తెలుగువాళ్ల చరిత్ర కూడా. టిప్పు తల్లి కడప కోట అధికారి కూతురు. హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో. మూడో మైసూరు యుద్ధం ముగించిన 1792 ఒప్పందంలోనూ, 1799లో రాజధాని పడ్డాకా మైసూరు నుంచి, ఈస్టిండియా కంపెనీ పక్షాన ఉన్న హైదరాబాద్ నిజాం వాటాకి వచ్చిన సీమలో గుత్తి, గుర్రంకొండ ఉన్నాయి. ఆ సీమని నిజాం 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద కంపెనీకే రాసిచ్చేశాడు. మనం దత్తమండలాలు అన్నది దాన్నే. కంపెనీ అధికారి థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి కూర్చున్నదీ అక్కడే. నా క్లాసులో సగం మంది తాతల ఊళ్లు ఆ పంపకాల లెక్కలో ఉన్నాయి. ఈ మాట చెప్తే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. చరిత్ర చెప్పేవాళ్లకి అంతకంటే మంచి మొదలు దొరకదు.

ఎదురైన సమస్య

పాఠం మొదలయ్యే ముందే పిల్లలు ఫోనుల్లో వీడియోలు చూసి వచ్చారు. అన్నింట్లోనూ ఒకటే కథ. టిప్పు దగ్గర మీర్ సాదిక్ అనే మంత్రి ఉన్నాడు, తెల్లవాళ్లకి అమ్ముడుపోయాడు, కోటగోడ పగిలిన చోట కాపలా ఉన్న సైనికుల్ని జీతాలిస్తామని చెప్పి పక్కకి పిలిపించాడు, శత్రువు లోపలికొచ్చాడు, రాజధాని పడిపోయింది.

అదే సమయంలో వ్యాసరచన జరిగింది. ముగ్గురు మగపిల్లలు ఫోనులో అనువాదం చేయించుకుని వ్యాసం రాసుకొచ్చారు. ముగ్గురిదీ ఒకే వాక్యం, ఒకే తప్పు. ఇది మీరే రాశారా అని వ్యాసాలు దిద్దుతున్న ఇంకో వాలంటీర్ క్లాసంతటినీ అడిగారు. హారిక అనే ఎనిమిదో తరగతి అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తనంతట తాను వెళ్లి చెప్పలేదు, అడిగితే చెప్పింది. మరుసటి ఆదివారానికి ఆమె పేరు మీర్ సాదిక్.

ఆ తర్వాత ఆమె బడికి రావడం మానేసింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "మేడమ్, స్కూల్లో పరీక్షలు, కొన్నాళ్లు రాదు" అన్నారు. వెనక నుంచి అవ్వ గొంతు గట్టిగానే వినిపించింది: "పరీచ్చలు లేవు ఏమీ లేవు, ఆ పిల్లోల్లు ఏందో పేరు పెట్టినారంట, పోనంటాంది."

ఇక్కడ నా ముందు రెండు వేర్వేరు సమస్యలున్నాయని మొదట్లోనే రాసుకున్నాను. ఒక పిల్ల బాధ పడి దూరమైంది, అది మొదటిది. మిగతా పిల్లల మెదళ్లలో ఒక రాజధాని పతనానికి ఒక్క మనిషి ద్రోహం తప్ప వేరే కారణం లేదు, అది రెండోది. రెండోది ఉన్నంతకాలం మొదటిది తీరదని అనుకున్నాను. ఎందుకంటే ఆ పేరుకి అంత పదును ఆ కథే ఇచ్చింది. ఒక రాజ్యం మొత్తాన్ని కూల్చిన మనిషి పేరది. దాన్ని పదమూడేళ్ల పిల్ల మీద వేశారు.

మొదట చేసినవి, అవి పనిచేయకపోవడం

బడి నిర్వాహకులు ముందు మందలింపే మేలన్నారు. నేనూ ఒప్పుకున్నాను. పేర్లు పెట్టి పిలవకూడదని, పిలిస్తే తల్లిదండ్రులకి చెప్తామని క్లాసులో గట్టిగా చెప్పాం. పేరు ఆగిపోయింది, దాని స్థానంలో ఎం.ఎస్. వచ్చింది. ఎం.ఎస్. రాలేదా, ఎం.ఎస్. కుర్చీ ఖాళీ, ఎం.ఎస్. ఉంటే చెప్పేసేది. హారిక గదిలో లేకపోయినా ఆ పేరు అక్కడే తిరుగుతోంది. మందలింపు పిల్లలకి నేర్పింది ఆ పేరుని దాచిపెట్టి వాడడం ఒక్కటే. ఇది వినగానే ఆ దారి మూసేశాను. ఇంకాస్త గట్టిగా బెదిరిస్తే ఆ రెండక్షరాలు కూడా మాయమయ్యేవే. కానీ హారిక తిరిగొచ్చి కూర్చునేది అదే గదిలో, అవే చూపుల మధ్య.

రెండోది చర్చ. మీర్ సాదిక్ ద్రోహా కాదా అని రెండు పక్షాలు చేశాం. హైస్కూల్లో ఈ పద్ధతి నాకు బాగా పనిచేసేది. ఇక్కడ చేయలేదు. ద్రోహి అనే పక్షంలోకి అందరూ పరిగెత్తారు, కాదనే పక్షంలోకి ఎవరూ రాలేదు. చీటీలేసి పంపితే ఆ పక్షం పిల్లలు నవ్వుతూ వాదించారు. ఒకడు, "మేమందరం ఎం.ఎస్. వకీళ్లం" అన్నాడు.

ఇక్కడ విషయం పట్ల కూడా నిజాయితీగా ఉండాల్సి ఉంది. ద్రోహం జరగనే లేదు, అది కట్టుకథ అని చెప్పేస్తే పని సులువవుతుందని ఒక తల్లి సలహా ఇచ్చారు. అలా చెప్పే హక్కు నాకు లేదు. కిర్మానీ పారశీకంలో రాసిన చరిత్రలో మీర్ సాదిక్ మీద ఆరోపణ గట్టిగానే ఉంది. ఆ రోజే మైసూరు సైనికులే అతన్ని చంపారన్న కథనమూ ఉంది. బాధపడిన పిల్లని కాపాడడానికి చరిత్రని సర్దితే, రేపు ఇంకో వీడియో చూసినరోజు పిల్లలు నన్ను నమ్మరు. చర్చ విఫలమైంది పిల్లల అల్లరి వల్ల అనుకోను, ప్రశ్న వల్ల. ఆ మనిషి ద్రోహా కాదా అని అడిగినంతసేపూ గదిలో ఆ మనిషి ఒక్కడే ఉంటాడు. కావేరి ఉండదు, నిజాం ఉండడు, ఆకలి ఉండదు.

మూడోది శ్రీరంగపట్నం ప్రయాణం. చూస్తే మారతారని తల్లిదండ్రులందరికీ ఆశ. టిప్పు వేసవి మహలు దరియా దౌలత్ గోడ మీద పొల్లిలూరు యుద్ధ చిత్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాం. 1780లో కాంచీపురం దగ్గర హైదర్, టిప్పు కలిసి కంపెనీ సైన్యాన్ని చిత్తు చేసిన యుద్ధం అది. అందులో పట్టుబడి ఈ ఊళ్లోనే దాదాపు నాలుగేళ్లు ఖైదులో మగ్గిన డేవిడ్ బెయిర్డ్, 1799లో కోట మీద దాడిని ముందుండి నడిపించాడని చెప్పాను. ఆ మాటకి పిల్లలు మాట్లాడకుండా అయిపోయారు. తర్వాత హైదర్, టిప్పుల సమాధి ఉన్న గుంబజ్, జైలు గది, టిప్పు దేహం దొరికిందని గుర్తు పెట్టిన చోటు, అన్నీ చూశాం. అయినా బస్సు దిగినప్పటి నుంచి ఎక్కేదాకా వాళ్లు వెతికింది ఒక్కటే, మీర్ సాదిక్ ఎక్కడ చచ్చాడు. కథని బుర్రలో పెట్టుకుని వెళ్లినవాళ్లకి ఆ ఊరు ఆ కథే చూపించింది.

ఆ ప్రయాణంలో నేను దాచుకుని తెచ్చుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. పడమటి గోడ దగ్గర, శత్రువు లోపలికొచ్చిన వైపు, నది చూస్తూ ఒక ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు: "మేడమ్, ఇన్ని నీళ్లు దాటి తుపాకులు తడవకుండా ఎలా వచ్చారు?"

ఆ ప్రశ్నని ఎందుకు పట్టుకున్నాను

ఆ పిల్లవాడు చూసిన నది 1799 నాటిది కాదు. ఇప్పుడు పైన కృష్ణరాజసాగర్ ఆనకట్ట ఉంది, నీళ్లు వదలడం, ఆపడం మనిషి చేతిలో ఉంది. అప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కావేరి బండలు తేలి పారేది. కొడగులో నైరుతి వానలు పడితే మాత్రం ఊరున్న ద్వీపం చుట్టూ నది నిండి, ఏ సైన్యమూ దాటలేని కందకం అయ్యేది. అంటే శ్రీరంగపట్నానికి అసలు కాపలా వాన. ముట్టడి ఏప్రిల్ మొదటి వారంలో మొదలైంది, దాడి మే 4న జరిగింది. వానలు వచ్చేలోపు పని ముగించాలని కంపెనీ సేనాని హారిస్‌కి తెలుసు, వానల దాకా నిలబడాలని టిప్పుకి తెలుసు.

ఈ మాట పిల్లవాడికి చెప్తుంటే నాకు తోచింది. మేం ఇన్నాళ్లూ ఓడినవాడి వైపే చూస్తున్నాం. ఓడినవాడి వైపు నుంచి చూస్తే ఎప్పుడూ ఎవరో ఒక ద్రోహి కావాలి. గెలిచినవాడికి ఏం భయం ఉండేదో అడిగితే? గెలుపు ఖాయం కాదని తెలిసినప్పుడే, ఓటమికి ఒక్క కారణం చాలదని పిల్లలకి తెలుస్తుంది.

హారిస్ భయాలకి కొదవ లేదు. 1799 ఫిబ్రవరిలో వేలూరు వైపు నుంచి బయల్దేరిన సైన్యం అది. నిజాం బలగాలతో కలిపి, కన్నూరు నుంచి కొడగు మీదుగా వచ్చిన బొంబాయి సైన్యాన్నీ లెక్కేస్తే సుమారు 50,000 మంది. వెంట నడిచే సామాన్లవాళ్లు, పశువుల కాపర్లు, వర్తకులు అంతకంటే ఎక్కువ. ధాన్యం మోసింది ఎద్దులు, వాటిలో చాలావరకు బంజారాలవి. టిప్పు దారిలో మేత తగలబెట్టించాడు. ఎద్దులు దారి పొడవునా కూలిపోయాయి. మార్చి 27న మళవళ్లి దగ్గర టిప్పు ఓడాడు గానీ, ఏప్రిల్ 5 రాత్రి కోట ముందున్న సుల్తాన్‌పేట తోపులో ఆర్థర్ వెల్లస్లీ కూడా దెబ్బతిని వెనక్కొచ్చాడు. తర్వాతి కాలంలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ ఇతనే. ఏప్రిల్ మధ్యలో హారిస్ శిబిరంలో బియ్యం కొలిపించి చూస్తే, పోరాడేవాళ్లకి సగం బత్తెం పెట్టినా మూడు వారాలు కూడా రావని తేలింది.

ఈ ఆఖరి విషయం మీదే కొత్త పాఠం కట్టాను.

పనిచేసినది

క్లాసులో అందరికీ ఒక్కో మనిషిని పంచాను. హారిస్ శిబిరంలో బియ్యం లెక్కలు రాసేవాడు, ఎద్దులు తోలే బంజారా నాయకుడు, నిజాం బలగాలతో వచ్చిన మీర్ ఆలం, కొడగు దారిలో వచ్చే బొంబాయి సైన్యపు సిపాయి, టిప్పు సలహాదారులు ముగ్గురు, కోటగోడ మీద కాపలా ఉన్న సైనికుడు, రోజూ నది మట్టం చూసి చెప్పే పల్లెవాడు. గోడకి తేదీలు అంటించాం. ఒక్కో తేదీ దగ్గర ఆగి ప్రతి ఒక్కరూ తెలుగులో రెండు మూడు వాక్యాలు రాయాలి: ఈ రోజు నీకు ఏం తెలుసు, దేని భయం. రేపు జరగబోయేది రాయకూడదు. మే 4న ఏమైందో తెలియనట్టే ఉండాలి.

మీర్ సాదిక్ పాత్ర ఎవరికీ ఇవ్వలేదు. అది హారికకే ఇస్తే ఆమె పక్షాన మాట్లాడే అవకాశం ఆమెకే వస్తుంది కదా అని తోటి వాలంటీర్ అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. నాకు మాత్రం అది చాలా ప్రమాదంగా తోచింది. దెబ్బ తగిలిన పిల్లని తన మీద పడిన పేరుకి వకీలుగా నిలబెడితే, ఆ పేరు ఆమెదేనని మనమే రాసిచ్చినట్టు.

హారికకి బియ్యం లెక్క ఇవ్వాలనుకున్నాను. ఎందుకంటే మిగతా ఆట అంతా దాని మీదే నడుస్తుంది. హారిస్ ఏ రోజు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు ఆ లెక్క చదవాలి. ఆమె తిరిగొస్తే అందరికీ అవసరమైన మనిషిగా రావాలి, జాలి చూపించి పిలిచిన పిల్లగా కాదు. వాళ్లింటికి వెళ్లినప్పుడు బడికి రమ్మని ఒక్క మాటా అనలేదు. ఒక లెక్క ఉంది, చేసిపెడతావా, వచ్చే వారం కావాలి అని మాత్రం అడిగాను. వాళ్ల నాన్న ఏదో చెప్పబోతే ఆపేశాను.

"ఎన్ని ఎద్దులు?" అని అడిగింది హారిక.

"అదే నువ్వు చెప్పాలి."

ఆ నోట్‌బుక్ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఫోటోగా ఉంది. పెన్సిల్‌తో రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. మనిషికి రోజుకి అర కిలో, మనుషులు 50,000 అనుకుంటే రోజుకి 25,000 కిలోలు. ఒక ఎద్దు 100 కిలోలు మోస్తుందనుకుంటే రోజుకి 250 ఎద్దుల బరువు. నెలకి 7,500 ఎద్దులు. కింద ఎర్ర ఇంకుతో: "సామాన్లవాళ్ల తిండి ఇందులో లేదు. ఎద్దుల తిండి కూడా లేదు." పక్కన అవ్వ చెప్పిన శేర్లలో అదే లెక్క ఇంకోసారి ఉంది. కిలోలంటే అప్పుడు ఎవరికి తెలుసని అవ్వ పోట్లాడిందట. ఇవన్నీ మేం అనుకున్న అంకెలే, హారిస్ దఫ్తరువి కావు. ఆ తేడా కూడా పేజీ పైన రాయించాను. ఊహని ఊహ అని రాసుకోవడం చరిత్ర చదివే పిల్లలు ముందుగా నేర్చుకోవాల్సిన పని.

ఆమె వచ్చింది. లెక్క చదివింది. ఏప్రిల్ మధ్య తేదీ దగ్గరికి వచ్చేసరికి, సగం తిండితో కూడా మూడు వారాలు రాదని చెప్పింది. టిప్పు సలహాదారుల బల్ల దగ్గర కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా లేచారు. "అయితే ఇంకో మూడు వారాలు ఆగితే చాలు కదా! గెలిచిపోతాం!" అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న వాళ్లే అడిగారు: మూడు వారాలు ఎందుకు ఆగలేకపోయాం?

ఆ తర్వాత క్లాసుని నేను నడపాల్సిన అవసరం పెద్దగా లేకపోయింది. తేదీలు వెనక్కి వెళ్లాయి. 1792లోనే సగం రాజ్యం పోయింది, 3 కోట్ల 30 లక్షల రూపాయల జరిమానా, ఇద్దరు కొడుకులు తాకట్టు. 1798 సెప్టెంబరులో నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ శరత్కాలంలోనే హైదరాబాద్‌లో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న సైన్యాన్ని ఆయుధాలు దింపించి పంపేశారు. మరాఠాలు కదల్లేదు. ఫ్రెంచివాళ్లు మారిషస్ నుంచి పంపిన మనుషులు నూరుమంది లోపే. ఈజిప్టులో దిగిన నెపోలియన్ నౌకలు 1798 ఆగస్టు 1న నైలు దగ్గర నాశనమయ్యాయి. "అంటే ఎవరూ రారన్నమాట" అన్నాడు సలహాదారుల్లో ఒకడు. హైదరాబాద్ కుటుంబానికి చెందిన పిల్లవాడు మీర్ ఆలం పాత్రలో కొంచెం ఇబ్బంది పడ్డాడు. మా ఊరివాళ్లు అటువైపా అన్నాడు. దానికి చిత్తూరు పిల్ల ఒకతె, మా ఊరు మొదట మైసూరుకి, తర్వాత నిజాంకి, తర్వాత కంపెనీకి పోయింది, మేం ఎటువైపు అని అడిగింది. దానికి జవాబు నేను చెప్పలేదు, పిల్లలూ చెప్పలేదు.

ఏప్రిల్ చివర్లో హారిస్ పంపిన షరతుల దగ్గర చాలాసేపు పట్టింది. మిగిలిన రాజ్యంలో సగం, 2 కోట్ల రూపాయలు, ఈసారి నలుగురు కొడుకులు, నలుగురు సేనానులు తాకట్టు. సలహాదారులు ముగ్గురూ మూడు మాటలు రాశారు. ఒప్పుకుంటే ఏమీ మిగలదని ఒకడు. వానల దాకా మాటలతో సాగదీయాలని ఇంకొకడు. మూడో పిల్ల, అవతలివాళ్ల దగ్గర బియ్యం అయిపోతున్నట్టు మనకి తెలిస్తే ఒప్పుకోం, తెలియకపోతే భయపడతాం, మనకి తెలుసా అని నన్ను అడిగింది. ముట్టడిలో ఉన్నవాడి కష్టమంతా ఆ ప్రశ్నలో ఉంది.

మే 3న గోడ పగిలింది. మే 4 మధ్యాహ్నం ఒంటిగంటకి, ఎండ మండుతూ కాపలా పలచబడే వేళ చూసి, 4,000కి పైగా మనుషులు నది దాటారు. నిమిషాల్లో గోడ మీద జెండా నిలబడింది. మధ్యాహ్నపు భోజనం దగ్గర ఉన్న టిప్పుకి కబురందింది. నమ్మకమైన సేనాని సయ్యద్ గఫార్ అప్పటికే గుండు తగిలి పోయాడు. మీర్ సాదిక్ కథకి చోటు ఇక్కడ. దాన్ని దాచలేదు, జీతాల కబురు గురించి ఏం రాసి ఉందో అలాగే చెప్పాను. మిగతావాటి మధ్య అది కూడా ఒక కారణంగా నిలబడింది.

గోడ మీద కాపలా సైనికుడి పాత్ర, హారికకి మొదట ఆ పేరు పెట్టిన కుర్రాడిది. అతనికి అది కావాలనే ఇచ్చాను. మే 4 తేదీ దగ్గర అతను రాసింది ఇది: "నాకు ఎండగా ఉంది. ఆకలిగా ఉంది. జీతం ఇస్తారని పిలిస్తే నేను వెళ్తాను. గోడ దగ్గర వేరేవాళ్లు ఉంటారు అనుకుంటాను." చదివాడు, కూర్చున్నాడు. దాని మీద నేను ఒక్క మాటా చేర్చలేదు. అక్కడ నేను నోరు తెరిచి, చూశావా, అది ద్రోహమా అని అడిగి ఉంటే, అతను తనని తాను కాపాడుకోవడంలో పడేవాడు, రాసింది మర్చిపోయేవాడు.

క్షమాపణ గురించి

క్లాసు అయ్యాక హారికకి ఆ పిల్లల చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించాలని ఇద్దరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. హారికని విడిగా అడిగాను. "వద్దు మేడమ్, మళ్లీ అందరికీ గుర్తొస్తుంది" అంది. ఆమె మాటే ఆఖరిదని వాళ్లకి చెప్పాను. బాధ ఎవరిదో వాళ్లనే ముందు అడగాలి. మన మనసు తేలికపడడానికి పెట్టించే క్షమాపణ పిల్ల మీద ఇంకో భారం.

వ్యాసం కాపీ కొట్టిన సంగతి వేరేగా, తర్వాత తేల్చాం. అడిగితే నిజం చెప్పడానికీ, తోటివాళ్లని పట్టివ్వడానికీ తేడా ఏమిటని ఒక పూట మాట్లాడాం. ఆ రెంటినీ శ్రీరంగపట్నం పాఠంలో కలపకపోవడం మంచిదయ్యింది. కలిపి ఉంటే యుద్ధం మొత్తం ఒక నీతికథకి సాకు అయ్యేది, పిల్లలు వెంటనే పసిగట్టేవారు.

పేరు మాటేమిటంటే, ఒక్కరోజులో పోలేదు. ఇద్దరు మానేశారు, వాళ్లలో ఒకడు ఆ బియ్యం లెక్కని తన స్కూల్ ప్రాజెక్టుకి అడిగి తీసుకున్నాడు. మూడోవాడు అప్పుడప్పుడు అంటూనే ఉన్నాడు. కానీ వినేవాళ్లు నవ్వడం మానేశారు. హారిక ఆ టర్ము పూర్తి చేసింది. ఆమె వాళ్లతో స్నేహంగా ఉందా అంటే లేదు, అలా ఉండాలని నేను ఆశించలేదు కూడా.

ఇలాంటి క్లాసు నడిపేవాళ్లకి

రాజధానులు పడిన కథలు చెప్పే ప్రతిచోటా ఒక ద్రోహి పేరు సిద్ధంగా ఉంటుంది. ఆ పేరుని కొట్టేయడానికి పూనుకోవద్దు. అది ఉన్న చోట ఉండనిచ్చి, దాని చుట్టూ మిగతావన్నీ తెచ్చి పెట్టండి. తిండి లెక్క, నది, ఎవరు సాయం వచ్చారు, ఎవరు రాలేదు, పాత ఒప్పందంలో ఏం పోయింది. ముందుగా గెలిచినవాడి భయం అడగండి. పిల్లలు అక్కడే తెరుచుకుంటారు, నేను చూసినంతలో.

అంకెలు చేతితో వేయించండి. 7,500 ఎద్దులని నేను బోర్డు మీద రాసి ఉంటే అది ఒక అంకెగా మిగిలేది. ఒక పిల్ల కూర్చుని వేసి, ఎద్దులకీ తిండి కావాలని ఎర్ర ఇంకుతో రాసుకుంది కాబట్టి అది క్లాసంతటికీ ఆకలిగా అర్థమైంది.

ఒక హద్దు మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. ఈ కేసులో పేరు పడింది అడిగితే నిజం చెప్పినందుకు. అదే పేరు ఒక పిల్లవాడి మీద అతని మతం చూసి పడి ఉంటే ఈ నిదానం పద్ధతి పనికిరాదు. ఆ రోజే ఆపాలి, ఆ రోజే రెండు ఇళ్ల పెద్దవాళ్లతోనూ మాట్లాడాలి. పాఠం తర్వాత సంగతి. టిప్పు పేరు చుట్టూ బయట ఎంత గొడవ నడుస్తోందో మన పిల్లలు రోజూ వింటున్నారు, దాన్ని క్లాసులోకి రానివ్వకూడదు. పాత్రలు పంచేటప్పుడు కూడా నేను ఇది చూసుకుంటాను. మీర్ ఆలం, సయ్యద్ గఫార్, మీర్ సాదిక్ ముగ్గురూ మూడు రకాలుగా ప్రవర్తించిన మనుషులని పిల్లలకి ముందే తెలిసేలా చూస్తాను.

తర్వాతి బ్యాచ్‌కి పాఠం మే 4 దగ్గర ఆపడం లేదు. 1800 దాకా తీసుకెళ్తున్నాం, దత్తమండలాల పటం గీసి, ప్రతి ఒక్కరూ తమ తాతల ఊరు ఎక్కడుందో గుర్తు పెట్టాలి. గుత్తి, గుర్రంకొండ, కడప ఇప్పటికే పడ్డాయి. గుంటూరు పిల్లలకి వాళ్ల ఊరు అందులో లేదు, సర్కారు జిల్లాల కథ వేరు కాబట్టి వాళ్ల కోసం ఇంకో పటం తయారు చేస్తున్నాం. ఈసారి లెక్కలు చూసే పని హారికదే.